పూత లేని ముక్క

నా కోపాలన్నీ నవ్వుతూ భరించే అన్నయ్యకి,

నాలుగు వీధుల అవతల ఉన్నవాడికి ఉత్తరం రాయడమేమిటని నువ్వు నవ్వుతావు. వదినకి చూపించి, "చూశావా, దీనికి మనింటి దాకా నడవడానికి కూడా బద్ధకమే" అంటావు. అను. నిన్న మీ ఇంటి గుమ్మం దాకా వచ్చాను. లోపల నువ్వు ఎవరికో ఫోన్లో క్లచ్ గురించి గొంతు చించుకుని పాఠం చెబుతున్నావు. అది వింటూ కాసేపు నిలబడి వెనక్కి వెళ్లిపోయాను. నీ మొహం చూస్తూ ఈ సంగతి అడగలేను. అడిగాక నువ్వు నా మొహం చూస్తే అసలు తట్టుకోలేను.

ముందు అడగాల్సింది అడిగేస్తాను. నీకు గుండెలో ఏమైనా ఇబ్బంది ఉందా? రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నావా? ఎప్పటినుంచి? వదినకి తెలుసా?

నాకెలా తెలిసిందో చెప్పాలంటే నేను చేసిన పని చెప్పాలి. ఎప్పుడు చెప్పబోయినా "అంటే పైపులకి రంగు వేస్తావన్నమాట" అని తేల్చేసేవాడివి. ఈసారి ఓపిగ్గా చదువు. కిడ్నీలు పాడైనవాళ్ల రక్తం డయాలసిస్ మిషన్‌లో ప్లాస్టిక్ గొట్టాల గుండా బయటికొచ్చి, శుభ్రపడి, మళ్లీ ఒంట్లోకి వెళ్తుంది. రక్తానికి ప్లాస్టిక్ గిట్టదు. దాన్ని తాకగానే ఎక్కడో గాయమైందనుకుంటుంది. ప్లేట్‌లెట్లు పరుగెత్తుకొచ్చి అతుక్కుని, కాళ్లూ చేతులూ చాపుకుని, మిగిలినవాటిని కేకేసి పిలిచి గడ్డ కడతాయి. అలా కట్టకుండా ఆ మనిషికి మందు ఎక్కిస్తారు. ఆ మందు వల్ల ముక్కులోంచో చిగుళ్లలోంచో రక్తం కారితే ఒక పట్టాన ఆగదు. నేను చేసేదల్లా గొట్టం లోపలివైపు స్వభావాన్ని మార్చడం. గాలి తీసేసిన గాజు గదిలో పెట్టి ఊదారంగు వెలుగు తగిలించి, తర్వాత ఒక ద్రావణంలో ముంచితే ప్లాస్టిక్ మీద కంటికి కనపడనంత సన్నటి నూగు మొలుస్తుంది. ఆ నూగే నా పూత, అది నీళ్లని వదలకుండా పట్టుకుని ఉంటుంది. రక్తం వచ్చి తాకితే నీళ్లే తగలాలి, అక్కడ ప్లాస్టిక్ ఉందన్న సంగతే దానికి తెలియకూడదు.

అది ఫలించిందో లేదో చూడాలంటే మనిషి రక్తం కావాలి. పూత వేసిన ప్లాస్టిక్ ముక్క ఒకటి, పూత లేని ముక్క ఒకటి, ఒకే మనిషి రక్తంలో నానబెట్టి, కడిగి, మైక్రోస్కోపు కింద పెట్టి పోల్చాలి. ఒకే మనిషి రక్తం కావాలని కొత్తగా చేరినవాళ్లకి పాఠం చెప్పేదాన్ని నేనే.

మొదట్లో అందరి రక్తమూ నా పూతకి అతుక్కునేది. నా పక్క బల్ల మీద పనిచేసే బక్కోడిదీ అంతే. నువ్వు మొదటిసారి ఇచ్చినప్పుడు నీదీ అంతే. ఆ రోజు సాయంత్రం మీ వంటింట్లో కూర్చుని వదిన దగ్గర ఎంత ఏడ్చానో నీకు గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత నువ్వు రెండోసారి వచ్చావు. మైక్రోస్కోపులో చూస్తే పూత వేసిన ముక్క కడిగిన పలకలా ఉంది. అక్కడక్కడా ఒకటీ అరా ప్లేట్‌లెట్లు, అవి కూడా గుండ్రంగా ముడుచుకుని. మా ల్యాబ్ మేడమ్ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. మొదటిసారి నీ రక్తం అతుక్కుంది కదా అని నన్ను నేను అడక్కపోలేదు. ఆ రోజు ప్లేట్‌లెట్లని వేరుచేసే మిషన్‌లో దాన్ని ఆలస్యంగా తిప్పాను, పాడైపోయి ఉంటుందిలే అని జవాబు కూడా నేనే చెప్పుకున్నాను.

మిగతావాళ్ల రక్తం మాత్రం అతుక్కుంటూనే ఉంది. అప్పుడు నేనేమనుకోవాలి? పూతలో లోపం ఉందనుకోవాలి. వాళ్ల రక్తమే మంచిది కాదనుకున్నాను అన్నయ్యా. బక్కోడితో మొహం మీదే, "ఆ నూనె సరుకులన్నీ తిని నీ రక్తం చెత్తగా తయారైంది" అన్నాను. పాపం, వాడు వేపుళ్లు మానేశాడు, టీ మానేశాడు, భయపడి కొలెస్ట్రాల్ పరీక్ష కూడా చేయించుకున్నాడు. అసలే బక్కోడు.

ఇక నా అసలు ఘనకార్యం. నీ రక్తం వచ్చిన రోజు అదంతా పూత వేసిన ముక్కలకే వాడేదాన్ని. ఇంత మంచి రక్తాన్ని పూత లేని పనికిమాలిన ముక్క మీద దండగ చెయ్యడమెందుకనిపించేది. పోల్చి చూపించాల్సి వచ్చినప్పుడు పూత వేసిన ముక్క ఫొటో నీ రక్తంతో తీసింది, పూత లేని ముక్క ఫొటో బక్కోడి రక్తంతో తీసింది పక్కపక్కన పెట్టాను. రెండూ నిజమైన ఫొటోలే. పక్కపక్కన పెట్టడమే అబద్ధం. మేకల మీద చేసిన పరీక్షలో ఫలితం అంతంతమాత్రంగా వస్తే, మేక రక్తం వేరు, మనిషి రక్తం వేరు అని ఈ ఫొటోలే చూపించి వాదించి గెలిచాను.

ఇంకొకటి. రక్తం ఇచ్చేవాళ్లని ప్రతిసారీ అడగాలి, ఈ మధ్య ఏమైనా మాత్రలు వేసుకున్నారా, తలనొప్పికైనా సరే అని. అందరినీ అడిగాను. నిన్ను మొదటిసారి తప్ప మళ్లీ అడగలేదు. సొంత అన్నయ్యని అడగడమేమిటిలే అనుకున్నాను.

మొన్న నువ్వు వచ్చి వెళ్లాక పూత వేసిన ముక్కలు అయిపోయి, నీ రక్తం కొంచెం మిగిలింది. పారబొయ్యడానికి మనసొప్పక పూత లేని ముక్క ఒకటి అందులో వేశాను. అది కూడా కడిగిన పలకలాగే ఉంది. నా పూత చేసిందేమీ లేదు, నీ ప్లేట్‌లెట్లే మత్తులో ఉన్నాయి. గుండె జబ్బువాళ్లు రోజూ వేసుకునే చిన్న మాత్ర చేసే పని అది. ఆ రోజు నువ్వు పొద్దున గడ్డం గీసుకుంటుంటే తెగిన గాటు ఇంకా కారుతోందని దూది అంటించుకుని వచ్చావు. నేను పకపకా నవ్వాను. నాన్న కూడా ఇలాగే కదా, అరగలేదు, గ్యాసు పట్టేసింది అంటూ గుండెనొప్పిని చివరిదాకా దాచిపెట్టాడు.

ఇది చెప్పకపోతే ఇంతసేపు రాసినదంతా దండగ. ఆ ముక్క చూసిన క్షణంలో నాకు నువ్వు గుర్తురాలేదు. ఇంకెవరైనా చూశారా అని చుట్టూ చూశాను. ముక్కని చెత్తడబ్బాలో పడేసి చేతులు కడుక్కున్నాను. బస్సెక్కి, సీటు దొరికి, టికెట్ తీసుకున్నాక అప్పుడు గుర్తొచ్చావు. నాన్న తర్వాత నాన్నంతటివాడివి, నీ గుండె నాకు బస్సులో గుర్తొచ్చింది. తలెత్తుకుని అద్దం చూసుకోలేకపోతున్నాను.

వచ్చే వారం ఆసుపత్రివాళ్లతో మీటింగు. వాళ్లు సరేనంటే నా గొట్టాలు మనుషులకి పెడతారు. నా పూతని నమ్ముకుని, గడ్డకట్టకుండా ఇచ్చే మందు తగ్గిస్తారు. నేను నోరు విప్పాలి. కానీ నీ మాత్రల సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు కదా అని ఇది రాస్తున్నప్పుడు కూడా అనిపిస్తోంది. ఇదీ నీ చెల్లెలు.

నా సంగతి వదిలెయ్. ముందు డాక్టరు దగ్గరికి వెళ్లు. వెళ్లి, నిజం రాయి.

నీ మొహం చూడలేని
చెల్లి


పిచ్చిమొద్దుకి,

నేను గుండ్రాయిలా ఉన్నాను. నాకు గుండెజబ్బూ లేదు, గుండు మీద జుట్టూ లేదు. ముందు ఏడుపు ఆపు, తర్వాత చదువు.

ఇది రాయడానికి మూడు కాగితాలు చింపాను. కారు నడపడం నేర్పేవాడికి కలం పట్టించావు. నీ ఉత్తరం చదివాక అన్నం సయించలేదు. తప్పు చేసింది నేను, పశ్చాత్తాపపడుతోంది నువ్వు. ఇదెక్కడి న్యాయం?

ఆ రోజు వంటింట్లో నువ్వు ఏడుస్తుంటే నేను గుమ్మం ఇవతల నిలబడి అంతా విన్నాను. "అవి అతుక్కుంటున్నాయి వదినా, అతుక్కోకుండా ఉంటే చాలు, ఇంకేమీ వద్దు" అన్నావు. చిన్నప్పుడు సైకిలు మీంచి పడ్డప్పుడు కూడా నువ్వలా ఏడవలేదు. మా మామగారి సంగతి నీకు తెలుసు కదా, గుండెకి స్టెంటు వేయించుకుని మా దగ్గరే ఉంటున్నారు. ఆయనకి ఆ చిన్న మాత్ర రాసిచ్చినప్పుడు డాక్టరు నా ఎదురుగానే చెప్పాడు, "ఇది వేసుకుంటే రక్తం అతుక్కోదండీ" అని. నువ్వన్న మాటా, ఆయనన్న మాటా ఒకటే. నా బుర్రలో బల్బు వెలిగింది. అప్పుడే పగిలిపోయి ఉంటే బాగుండేది.

నువ్వు రెండోసారి రమ్మన్నప్పుడు ముందురోజే ఆయన డబ్బాలోంచి మాత్ర తీసి మింగాను. ఆ మర్నాడు నువ్వు ఫోన్ చేసి "అన్నయ్యా, అతుక్కోలేదు!" అని అరిచావు చూడు, ఆ అరుపు విన్నాక ఇక మానలేకపోయాను. రమ్మన్నప్పుడల్లా మింగాను. నేనేదో మోసం చేస్తున్నానని నాకు తట్టనే లేదు చిట్టీ, ఒట్టు. నీ పూత బంగారంలాంటిది, మా రక్తాలకే పొగరు, దాన్ని కాస్త అణిస్తే నీ పూత గొప్పతనం బయటపడుతుంది అనుకున్నాను. నా పక్కనున్న సీటులో కూర్చుని నేర్చుకునేవాళ్లు బ్రేకు తొక్కడం మరిచిపోతే నా కాలి కిందున్న బ్రేకు నేను తొక్కుతాను. కారు ఆగుతుంది. తామే ఆపామనుకుని వాళ్లు మురిసిపోతారు. మురిసిపోతే ధైర్యం వస్తుంది, ధైర్యం వస్తే నిజంగానే నేర్చుకుంటారు. ఇన్నేళ్లుగా అదే అలవాటు. నీ వెనక మనుషులున్నారని, వాళ్ల రక్తం నీ గొట్టంలోంచి పోతుందని నాకు వెలగలేదు.

ఇంకా ఉంది. నేను నీకు బస్సులో గుర్తొచ్చానని సిగ్గుపడుతున్నావే, ఇది విను. మాత్రలు తగ్గుతున్నాయని మా మామగారు కనిపెట్టారు. వేసుకున్న సంగతి మరిచిపోయి మళ్లీ వేసుకుంటున్నానేమోనని భయం పట్టుకుంది ఆయనకి. ఆ భయంతో మధ్యమధ్య వేసుకోవడమే మానేశారు. స్టెంటు ఉన్న మనిషి! "అమ్మాయీ, నాకు మతి పోతోందే" అని మీ వదిన దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంటే, అది హడలిపోయి మతిమరుపు డాక్టరు దగ్గరికి బయల్దేరదీసింది. కారు నడిపింది నేను. లోపల డాక్టరు ఆయన్ని చిన్నపిల్లాడిలా ఏ నెల, ఏ వారం, వందలోంచి ఏడు తీసేస్తే ఎంత అని అడుగుతుంటే బయట బెంచీ మీద కూర్చుని ఫోన్లో వార్తలు చదువుకున్నాను. అన్నింటికీ సరిగ్గానే చెప్పారట. తిరిగొచ్చేటప్పుడు వెనకసీట్లో కూర్చుని, "అయితే ఆ మాత్రలేమవుతున్నాయి?" అన్నారు. అద్దంలో ఆయన కళ్లు కనపడుతున్నాయి. నేను రేడియో పెట్టాను.

నీ ఉత్తరం రాకపోతే ఇంకా అలాగే ఉండేవాడిని. ఈ సాయంత్రం ఆయనకి చెబుతాను. వదిన నన్ను బతకనిస్తే ఆదివారం కలుస్తాను.

నువ్వు మీటింగులో ఏం చెప్పాలో చెప్పేంత చదువు నాకు లేదు. నా మాట ఒక్కటి విను. తప్పంతా నా మీద వేసెయ్. "మా అన్నయ్య నాకు చెప్పకుండా మాత్రలు మింగాడు" అను. అది నిజమే కదా. నాకు పోయేదేముంది, కారు నేర్పడానికి ఎవరూ నా ప్లేట్‌లెట్లు అడగరు.

నీ పనిని పాడుచేసిన
అన్నయ్య


బడుద్ధాయి అన్నయ్యకి,

నీ ఉత్తరం చదివి ముందు నమ్మలేదు. గుండెజబ్బు దాచడానికి ఇంత కథ అల్లావనుకున్నాను. నువ్వు అల్లగలవు. వదినకి ఫోన్ చేశాక నమ్మాను. మీ మామగారు నీతో, "మతి పోయింది నాకు కాదు అల్లుడూ, నీకు" అన్నారట కదా. మాత్రల డబ్బా ఇప్పుడు దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నారట. వదిన నీతో అవసరానికి తప్ప మాట్లాడటం లేదట. నిన్ను వెనకేసుకొద్దామనుకున్నాను, నోరు రాలేదు.

నువ్వు బాగున్నావని తెలిసిన రోజే మీటింగులో చెప్పాల్సిన వాక్యం కూడా దొరికింది. అది నువ్విచ్చిన వాక్యమే. "రక్తం ఇచ్చిన మనిషి నాకు తెలియకుండా మాత్ర వేసుకున్నాడు." దారి పొడుగునా దాన్ని వల్లెవేసుకుంటూ వెళ్లాను. ఎంత నున్నటి వాక్యమో చూడు, ఎక్కడా నేను లేను.

మీటింగులో ఆసుపత్రి నుంచి ఇద్దరు, మేడమ్, బక్కోడు, ఇంకా మావాళ్లు ఉన్నారు. తెర మీద నా ఫొటోలు రెండూ పక్కపక్కన వెలుగుతున్నాయి. లేచి నిలబడి ఆ వాక్యం చెప్పేశాను. ఈ ఫలితాన్ని నమ్మడానికి లేదు, ఆపేద్దాం అన్నాను. ఆ మనిషి మా అన్నయ్యే అని కూడా చెప్పాను. మేడమ్ మొహం వాడిపోయింది, అయినా నా భుజం తట్టి, "నీ తప్పేముందమ్మా, ధైర్యంగా చెప్పావు" అంది. ఆసుపత్రి డాక్టరు కూడా తలూపాడు. నిన్ను అమ్మేసి నేను మెప్పు కొనుక్కున్నాను. కూర్చోబోతుంటే ప్రాణం తేలికపడిందని కూడా నీకు చెప్పాలి.

బక్కోడు తెరవైపే చూస్తున్నాడు. వాడికి నామీద ఏ అనుమానమూ లేదు. లెక్క తేలక అడిగాడంతే. "ఒక్క నిమిషం. ఆయన మాత్ర వేసుకుని ఉంటే పూత లేని ముక్క మీద కూడా అతుక్కోకూడదు కదా? మరి అక్కడ అన్ని ఎలా ఉన్నాయి?"

అందరూ ఫొటోలు మళ్లీ చూశారు. మేడమ్ చెయ్యి నా భుజం మీదే ఉంది.

"అది నీ రక్తం," అన్నాను.

"నాదా?" అన్నాడు వాడు. ఇంకా అర్థంకాలేదు.

"పూత లేనిది నీది. పూత వేసింది మా అన్నయ్యది. ఇద్దరి రక్తమూ తెచ్చి ఒకటిగా చూపించాను."

"అంటే," అని ఆగి, "నా రక్తం బాగానే ఉందన్నమాట," అన్నాడు. వెటకారం లేదు వాడి గొంతులో. ఇన్నాళ్లూ ఒంట్లో ఏదో ఉందని బెంగపెట్టుకుని బతికాడు. మేడమ్ చెయ్యి తీసేసింది.

ఆసుపత్రి డాక్టరు కోప్పడలేదు, కోప్పడితే బాగుండేది. మొదటి గొట్టం ఎవరికి పెట్టాలో అప్పటికే అనుకున్నారట. ఒక లెక్కల మాస్టారట. మందు తగ్గిస్తామంటే, "హమ్మయ్య, పాఠం చెబుతుంటే ముక్కులోంచి రక్తం కారదన్నమాట, పిల్లలు జడుసుకుంటున్నారు" అన్నాడట. "ఆయనకి నేనేం చెప్పాలి?" అని నన్నే అడిగాడు. మందు తగ్గించాక నా గొట్టంలో గడ్డ కట్టి ఉంటే, జవాబు వినడానికి ఆ మాస్టారే మిగిలేవాడు కాదు.

అన్నయ్యా, నువ్వు మాత్ర మింగకపోయినా నేను ఇంకో దారి వెతుక్కుని ఉండేదాన్నేమో. పూత లేని ముక్క ఒక్కటి, మొదట్లోనే నీ రక్తంలో వేసి ఉంటే నీ గుట్టు ఆ రోజే బయటపడేది. మీ మామగారికి ఆ భయం ఉండేది కాదు. నువ్వు చేసింది నాకోసం చేశావు. నేను చేసిందీ నాకోసమే. కాబట్టి నీ వంతు మీ ఇంట్లో చూసుకో, నా వంతు నువ్వు మోయకు. మోస్తానంటే నేను సంబరంగా ఇచ్చేస్తానని చూశావుగా.

మేడమ్ నన్ను తీసెయ్యలేదు. ఈ పూత గురించి అచ్చుకి పంపిన వ్యాసం వెనక్కి తీసుకుంది. రక్తంతో చేసే పరీక్షలన్నీ బక్కోడికి అప్పగించింది. నేను ముక్కలు తయారుచేసి ఇవ్వాలి, ఏది పూత ముక్కో ఏది కాదో వాడికి చెప్పకూడదు, ఎవరి రక్తమో వాడు నాకు చెప్పకూడదు. ఆమె నాతో ముక్తసరిగా మాట్లాడుతుంది. నేను గదిలోకి వెళ్తే మిగతావాళ్లు మాట మారుస్తారు. వేపుళ్లు మళ్లీ మొదలుపెట్టమని బక్కోడికి చెప్పి క్షమించమన్నాను. "టీ ఒక్కటీ వెనక్కి తెచ్చుకున్నాలే" అన్నాడు. క్షమించానని మాత్రం అనలేదు.

అసలు కారణం నీ మాత్రేనా కాదా తేలాలని మేడమ్ నిన్ను పిలిపించింది కదా. రెండు వారాలు మాత్ర లేకుండా వచ్చావు. నేను పక్కగదిలోనే ఉన్నాను. బక్కోడు వరసగా అడిగే ప్రశ్నలన్నింటికీ బళ్లో పిల్లాడిలా "లేదండీ, వేసుకోలేదండీ" అంటూ నువ్వు జవాబులు చెప్పడం వినపడింది. బయటికి రాలేకపోయాను. నువ్వు నా కోసం అటూ ఇటూ చూసి వెళ్లిపోయావని తర్వాత వాడు చెప్పాడు.

ఈ రోజు ఆ ముక్కలు మైక్రోస్కోపు కింద పెట్టి, చూడమని వాడే నన్ను పిలిచాడు. రెండింటి మీదా అతుక్కున్నాయి అన్నయ్యా. దిట్టంగా, కాళ్లు బారచాపుకుని, మూడు పూటలా తిని పడుకున్నవాళ్లలా ఉన్నాయి. మాత్ర లేకపోతే నీ రక్తమూ అందరిలాంటిదే, నీ ఒంట్లో ఏ వంకా లేదు. నా పూత వట్టిదని కూడా ఆ ముక్కలే చెబుతున్నాయి.

అది చూడగానే నువ్వే గుర్తొచ్చావని రాయాలని ఎంతగానో ఉంది. కాదు. రెండింటిలో ఒకదాని మీద కాస్త తక్కువున్నట్టు అనిపించింది. ఇది పూత వేసిందే అయ్యుంటుందని ముందు అదే మెరిసింది బుర్రలో. ఆ తర్వాతే నువ్వు. ఈసారి బస్సెక్కేదాకా పట్టలేదు, అంతే తేడా.

"దీని మీద తక్కువున్నాయి కదూ?" అని బక్కోడిని అడిగాను కూడా.

"లెక్కపెట్టేది నేను, నువ్వు జరుగు" అన్నాడు.

జరిగాను.

నీ
చెల్లి